తల కదలని ఆట

మా ఆయన అహరోను కట్టిన పాట మీరు వినే ఉంటారు. డెబ్బైల మొదట్లో సంగారెడ్డి చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపులో నిలబడినా అది చెవిన పడేది. జనం దాన్ని "బత్తీల డాన్సు" అనేవాళ్ళు. ఆ పేరు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అది పెళ్ళి పాట కాదు, దాని పేరు అది కాదు, అసలు అది ఒక్క పాటే కాదు. ఐదు ఆటలు వరసగా వాయిస్తే ఒక కథ అవుతుంది. అందులో అది మూడోది. మిగతా నాలుగూ ఎవరికీ అక్కరలేకపోయాయి.

మా నాయన జ్ఞానప్రకాశం సంగారెడ్డిలో బ్యాండు పార్టీ నడిపేవాడు. పాత జైలు వెనక సందులో మా ఇల్లు. ముందుగదిలో మనుషులకంటే బాకాలకే ఎక్కువ చోటు. గోడ నిండా మేకులకు ఎర్రకోట్లు. పెద్ద డ్రమ్ముకు చోటు చాలక మా మంచం ఏనాడో వాకిట్లోకి వెళ్ళిపోయింది. అహరోను తండ్రి దావీదు మా బ్యాండులో మొదటి క్లారినెట్. అహరోను రెండో క్లారినెట్. మిషను బోర్డింగులో చదువుకునే రోజుల్లో ఒక దొరసాని దగ్గర, గీతలు గీసి వాటి మీద చుక్కలు పెట్టి సంగీతం రాయడం నేర్చుకున్నాడు. మా బ్యాండులో ఇంకెవరికీ ఆ విద్య రాదు, దాని అవసరమూ లేదు. సినిమా చూసి వస్తే పాట నోటికొచ్చేది, వచ్చిన పాట పెళ్ళిలో వాయించేవాళ్ళు. నేను చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచరును. 1970లో మా ఇద్దరికీ పెళ్ళయింది. బ్యాండు కిరాయి మిగిలిందని మా నాయన పందిట్లోనే అందరికీ చెప్పుకుని మురిశాడు. ఆయన తీరే అంత. పెళ్ళయ్యాక అహరోనూ, దావీదు మామా మా ఇంట్లోనే ఉన్నారు.

అహరోనుకు మార్త అని ఒక అక్క ఉండేది. ఆమె గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకు పోదు.

అప్పట్లో ఊరేగింపుకు వెలుతురంటే పెట్రోమాక్స్ లైట్లే. గ్యాసుబత్తీలు అనేవాళ్ళం. బ్యాండుకు రెండు పక్కలా ఆడవాళ్ళు తల మీద చుట్టబట్ట పెట్టుకుని, దాని మీద బత్తి ఎత్తుకుని నడిచేవాళ్ళు. మెడ తిప్పకూడదు, వంగకూడదు, పక్కకు చూడకూడదు. మార్త చిన్న వయసు నుంచే ఆ పని చేసేది. ఆమెకు ఆటంటే పిచ్చి. చర్చిలో ఆట తప్పు, ఇంట్లో ఆడితే తండ్రి తిట్టేవాడు. తల మీద బత్తి ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేరు. అందరూ వెలుతురును చూస్తారు గాని మోసేదాని కాళ్ళను ఎవరు చూస్తారు? మెడ పైన ఏమీ కదలకుండా, నడుము కింద నుంచి ఆడేది. బత్తిలో మంట వణికేది కూడా కాదు. బ్యాండు వెనక నడుస్తూ నేను ఆ కాళ్ళను చూసేదాన్ని. అంత అందమైన ఆట మళ్ళీ నేను ఎక్కడా చూడలేదు.

1963 వేసవిలో గంజ్ వీధిలో ఒక పెళ్ళి. దీపాలు పెట్టే వేళ. ఎవరో ఆమె బత్తికి గాలి ఎక్కువ కొట్టారు. నడివీధిలో అది భగ్గుమంది. కిరసనాయిలు మార్త భుజాల మీదుగా కారి, ఓణీ అంటుకుంది. బ్యాండు తడబడింది. పెళ్ళికొడుకు తరఫు పెద్ద ఒకాయన "మేళం ఆపొద్దు, అపశకునం" అన్నాడు. బ్యాండు మాస్టరు కర్ర పైకెత్తి ముందుకు ఊపాడు, వాయించమని. ఆ మాస్టరు మా నాయన. దావీదు మామ వెనక్కి తిరిగి చూశాడు. మంటలో ఉన్నది తన బిడ్డేనని చూశాడు. చూసి, క్లారినెట్ మళ్ళీ నోట పెట్టుకున్నాడు. పక్కనున్న అహరోనుకు అప్పుడు పదహారేళ్ళు. తండ్రి వాయిస్తున్నాడని తనూ వాయించాడు. వీధి మలుపు దాకా పోయాక చేతిలోది పారేసి వెనక్కి పరుగెత్తాడు. అప్పటికి కౌసల్యమ్మ అనే ఇంకో బత్తి మోసే ఆమె గోనెసంచి కప్పి మంటలు ఆర్పింది. మార్త ఆ వారం దాటలేదు.

తరవాత ఎవరూ దాని ఊసెత్తలేదు. మా నాయనా, దావీదు మామా ఎప్పటిలాగే ఒకే బెంచీ మీద కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. ఇంత జరిగాక వీళ్ళకు చాయ్ ఎలా దిగుతుందని అనుకునేదాన్ని. దిగేది. చక్కెర తక్కువైందని కూడా అనేవాళ్ళు.

పెళ్ళయిన మరుసటి ఏడాది ఆషాఢంలో, బ్యాండుకు పని లేని రోజుల్లో, అహరోను గడప మీద కూర్చుని గీతలు గీయడం మొదలుపెట్టాడు. అన్నం పెట్టి పిలిచినా లేచేవాడు కాదు.

"ఏం రాస్తున్నవు?" అని అడిగాను.

"అక్క కథ."

"కథయితె మాటలుండాలె గద."

"మాటలొద్దు. ఐదు ఆటలు. అన్నీ ఊదేటియే, కింద డ్రమ్ములు."

"కాలి సచ్చిపోయిన పిల్లకు ఆటలేంది? ఏడుపు పాట కట్టు."

ఆయన నా వైపు చూశాడు. "అది ఏడ్వంగ నేను ఎన్నడు సూడలే. ఆడంగనే సూసిన. దాని కథ ఆటలనే చెప్పాలె."

తరవాత నాకు ఒక్కొక్కటీ క్లారినెట్ మీద వినిపించాడు. మొదటిది బత్తి ఎత్తుకోవడం. రెండోది ఊరేగింపు కదలడం. మూడోది తల కదలని ఆట. అందులో ట్రంపెట్ ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటుంది, కిందికీ పైకీ పోదు. అది బత్తి. దాని కింద క్లారినెట్లు గిరగిరా తిరుగుతుంటాయి. అవి మార్త కాళ్ళు. నాలుగోది మేళం ఆగకపోవడం. పెళ్ళి పాట అలాగే హుషారుగా సాగుతుంది, కింద యూఫోనియం అనే లావు బాకా ఒక్కటే మూలుగుతుంది. ఐదోదానిలో వాయించేవాళ్ళు ఒక్కొక్కరే ఆపేసి ముందుకు నడిచి వెళ్ళిపోతారు. ఆఖరుకు వీధిలో ఒక్క క్లారినెట్ మిగిలి, మూడో ఆటనే డ్రమ్ము లేకుండా నెమ్మదిగా వాయించి, సగంలో ఆగిపోతుంది.

నేను ఏడ్చాను. ఏడ్చినందుకు కోపం వచ్చి, చల్లారిన అన్నం తీసి అవతల పెట్టాను.

"ఒక్కసారి చాలు," అన్నాడు అహరోను. "మొదటికెళ్ళి ఆఖరి దాక. ఎవ్వలు నడువొద్దు, ఎవ్వలు తినొద్దు. కూసోని వినాలె. మీ నాయిన వినాలె. మా నాయిన వాయించాలె. గంతే నాకు కావాల్సింది."

అది అంత చిన్న కోరికలాగే కనిపించింది నాకు. బ్యాండు మేళం వాయించేదాన్ని కూర్చుని వినేవాళ్ళు ఈ జిల్లాలో లేరని నాకు అప్పుడు తట్టలేదు. మేళం అంటే నడిచేవాళ్ళ కోసం. పెళ్ళికొడుకు గుర్రం దిగగానే ఎక్కడున్న పాట అక్కడ తెగిపోతుంది. ఏ పాటకూ చివర ఉండదు.

1972లో చర్చి కోత పండుగకు అవకాశం దొరికింది. ఆట అనే మాట చర్చి ఆవరణలో కుదరదని పాస్టరు గారు ముందే చెప్పారు. అందుకే 'వాద్య కథ' అని పేరు పెట్టారు. సాధన మొదలైంది. చదవడం రానివాళ్ళకు అహరోను ఒక్కొక్కరి భాగం నోటితో పాడి నేర్పాడు. వాళ్ళు పట్టుకున్నారు, బాగా పట్టుకున్నారు. చిక్కల్లా బెంచీల మీద కూర్చోబెట్టినప్పుడు వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నడుస్తూ వాయించినవాళ్ళు. కూర్చుంటే తాళం పోయింది. పెద్ద డ్రమ్ము కొట్టే సత్తయ్య రెండు కాళ్ళూ నేల మీద బాదుతూ ఆయాసపడ్డాడు.

"అల్లుడా, కూసుంటె నాకు పాట యాడున్నదో తెలుస్తలేదు," అన్నాడు. "జెర లేసి నడువనియ్యి."

చివరికి అహరోను దిగివచ్చాడు. బెంచీలు జనానికి, బ్యాండు మాత్రం చింతచెట్టు చుట్టూ గుండ్రంగా నడుస్తూ వాయించాలి. ఆయనకు అది నచ్చలేదు గాని, వాళ్ళ పాదాలు కదిలాక పాట కూడా కదిలింది.

కోత పండుగ నాడు జొన్న బస్తాలూ, గుమ్మడికాయలూ, కోళ్ళూ కానుకగా తెచ్చి వేలం వేస్తారు. గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే సోమేశ్వర్ సేట్ ప్రతి ఏడూ వచ్చి జొన్నలు పాడుకునేవాడు. ఆ ఏడూ వచ్చాడు. వేలానికి ముందు మా వాద్య కథ. అహరోను ముందుకొచ్చి, ఇది మా అక్క మార్త కథ అని మాత్రం చెప్పాడు. కొందరు తల వంచుకున్నారు. మా నాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఆయన ముఖంలో ఏమీ లేదు.

మొదటి రెండూ నిశ్శబ్దంగా విన్నారు. మూడోది మొదలవగానే బెంచీల మీద భుజాలు కదలసాగాయి. పిల్లలు లేచి గంతులేశారు. అది అయిపోగానే చప్పట్లు, ఈలలు, మళ్ళీ మళ్ళీ అని కేకలు. అహరోను చెయ్యెత్తి నాలుగోదానికి సైగ చేస్తున్నాడు. అంతలో దావీదు మామ మూడోదాన్నే మళ్ళీ ఎత్తుకున్నాడు. మొదటి క్లారినెట్ ఎత్తుకుంటే మిగతావాళ్ళు వెంటబడక తప్పదు. రెండోసారి అయింది. మళ్ళీ అదే ఎత్తుకున్నాడు. అహరోను తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. ముసలాయన కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. ఇంతలో గుమ్మడికాయల వేలం గంట కొట్టారు. జనం లేచి అటు పోయారు. నాలుగోదీ, ఐదోదీ అహరోను జేబులోనే ఉండిపోయాయి.

ఇంటికొచ్చాక నేను అడిగేశాను. "మామా, మళ్ళ మళ్ళ అదే ఎందుకెత్తుకున్నవు?"

"జనం అడిగిండ్రు బిడ్డా."

"నీ కొడుకు గూడ అడిగిండు."

ఆయన క్లారినెట్ విప్పి, లోపల బట్ట పెట్టి తుడుస్తూ కూర్చున్నాడు. "నాలుగోది వాయించుడు నాతోని కాదు," అన్నాడు. తండ్రి మీద జాలి పడాలో, తిట్టాలో తెలియక అహరోను బయటికి వెళ్ళిపోయాడు. నాకైతే తిట్టాలనే అనిపించింది.

వారం తిరక్కుండా సోమేశ్వర్ సేట్ మనిషిని పంపాడు. కూతురు చంద్రకళ పెళ్ళి. మా బ్యాండే కావాలి, కోత పండుగలో వాయించిన ఆ హుషారు పాటే కావాలి. మా నాయన ఒప్పుకుని వచ్చాకే మాతో చెప్పాడు.

"అది పెండ్లిల వాయించేది కాదు మామా," అన్నాడు అహరోను.

"పాట కట్టింది నువ్వు. బ్యాండు నాది. బ్యాండుల వాయించినంక అది బ్యాండు పాట."

"అక్క పాట అది."

మా నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పదిమంది పొయ్యిల పిల్లి లేస్తలేదు అహరోను. గీ పాటతోని లేస్తదంటె మార్త వద్దంటదా?" అన్నాడు. చచ్చినవాళ్ళు ఏది వద్దంటారు? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. అంతకంటే అర్థం కానిది, బ్యాండులో ఒక్కరూ అహరోను వైపు మాట్లాడకపోవడం. వాళ్ళకూ పిల్లలున్నారు మరి.

పెళ్ళి ఊరేగింపుకు నేనూ వెళ్ళాను. బత్తీలు మోసే ఆడవాళ్ళు రెండు వరసల్లో ఉన్నారు. కౌసల్యమ్మ ఇంకా ఆ పనిలోనే ఉంది, జుట్టు నెరిసింది. మూడో ఆట మొదలవగానే పెళ్ళికొడుకు స్నేహితులకు పూనకం వచ్చింది. ఒకడికి ఇంకో ఆలోచన వచ్చింది. బత్తీలోళ్ళను కూడా ఆడమన్నాడు. తల మీద బత్తి ఊగకుండా ఎవరు ఆడతారో చూద్దామన్నాడు. సోమేశ్వర్ సేట్ నవ్వుతూ చూస్తున్నాడు. ఆడవాళ్ళు ముందు సిగ్గుపడ్డారు, తరవాత ఒకరిద్దరు అడుగులు వేశారు. వీధి వీధంతా అరిచింది.

కౌసల్యమ్మ మాత్రం కదలలేదు. తల మీద బత్తితోనే మెల్లగా అహరోను దగ్గరికి వచ్చింది. ఆ పాట ఎవరిదో, దేని గురించో ఆమెకు తెలియదు. కోత పండుగకు ఆమె రాలేదు.

"కొడుకా, ఆడమంటున్నరు," అంది. "మీ అక్కను ఆర్పిన చేతులివి. నాతోని కాదని చెప్పరాదు?"

అహరోను వాయించడం ఆపేశాడు. మా నాయన కర్రతో సైగ చేశాడు, వాయించమని. అహరోను ఆ కర్ర వంక చూసి, క్లారినెట్ చంకన పెట్టుకుని వరసలోంచి బయటికి నడిచాడు. బ్యాండు ఆగలేదు. దావీదు మామ ముందు వరసలోనే ఉన్నాడు.

ఆ పెళ్ళితో పాట ఊరూరా పాకింది. జోగిపేట, సదాశివపేట, నర్సాపూర్, ఎక్కడ పెళ్ళయినా జ్ఞానప్రకాశం బ్యాండే, బత్తీల డాన్సే. అన్నిచోట్లా బత్తీలోళ్ళు ఆడాల్సిందే. ఆడనివాళ్ళను పిలవడం మానేశారు. కౌసల్యమ్మ పని పోయి కూరగాయల గంప ఎత్తుకుంది. మా ఇంట్లో కొత్త మంచం వచ్చింది, బాకాలకు మెరుగు వచ్చింది. అహరోను బ్యాండుకు వెళ్ళడం మానేసి ట్యూషన్లు చెప్పుకున్నాడు. ఏ వీధిలో ఆ పాట వినిపించినా ఆయన పక్క సందులోకి మళ్ళేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో సంగారెడ్డిలో మళ్ళడానికి సందులు మిగలలేదు.

1974లో దావీదు మామ పోయాడు. చాలా రోజులుగా దగ్గు, ఊపిరి అందేది కాదు. పొద్దున లేచేసరికి అయిపోయింది.

ఇక్కడ మా మేళాల కట్టుబాటు ఒకటి చెప్పాలి. శవం ముందు వాయించిన పాటను మళ్ళీ పెళ్ళిలో వాయించరు. చావు పాటలు వేరు, పెళ్ళి పాటలు వేరు. పొరపాటున ఒకటి కలిసిందని పెళ్ళివారికి తెలిస్తే బ్యాండును వీధిలోంచే వెనక్కి పంపిస్తారు, మళ్ళీ ఆ గడప తొక్కనివ్వరు. సంగారెడ్డి తాలూకాలో ఈ మాట తెలియని మేళం లేదు.

అహరోను తండ్రి పక్కన కూర్చుని ఉన్నాడు. శవపేటిక వచ్చింది. మా నాయన వచ్చి సమాధుల దొడ్డి దాకా ఏ కీర్తనలు వాయించాలో చెబుతున్నాడు. అహరోను తల ఎత్తాడు.

"కీర్తనలొద్దు. ఐదాటలు వాయిస్తం. మొదటికెళ్ళి ఆఖరి దాక."

మా నాయనకు క్షణంలో అర్థమైంది. ముఖం నల్లబడింది. "పీనుగు ముందర ఆ పాట వాయిస్తె ఇగ మనల్ని పెండ్లికి ఎవడు పిలుస్తడు? పాటను సంపుతవా?"

"సంపుత," అన్నాడు అహరోను.

"బాకాలు నావి. ఒక్కటి గూడ గడప దాటది." ముందుగదికి తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు మా నాయన. కూతురును కదా, నమ్మాడు. పాస్టరు గారిని తీసుకురావడానికి ఆయన అటు వెళ్ళగానే నేను తాళం తీశాను. పదకొండేళ్ళుగా ఆ బెంచీ మీద చాయ్ తాగడం చూస్తున్నాను. ఒక్కసారైనా ఆ మనిషి చెవుల్లో ఆ నాలుగో ఆట పడాలనుకున్నాను.

సత్తయ్య అందరికంటే ముందు వచ్చి డ్రమ్ము మెడకు వేసుకున్నాడు. "దావీదన్న కోసం," అన్నాడు. "రేపటి ముచ్చట రేపు." మిగతావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎవరిది వాళ్ళు అందుకున్నారు. ఎర్రకోట్లు వేసుకోలేదు.

పాత జైలు సందు నుంచి సమాధుల దొడ్డి దాకా ఐదాటలూ వాయించారు. మొదటి క్లారినెట్ అహరోను. ఈసారి ఎవరూ 'మళ్ళీ' అని కేకలేయలేదు. మూడో ఆట వినిపించగానే గంజ్ వీధి దుకాణాల్లోంచి జనం బయటికొచ్చి, పేటికను చూసి నోరు మూసుకున్నారు. సోమేశ్వర్ సేట్ తన కూతురి పెళ్ళి పాటను శవం ముందు విని మెట్ల మీదే కూలబడ్డాడు. ఆయన్ని చూసి నాకు జాలి కలగలేదు. నాలుగోది మొదలయ్యేసరికి మా నాయన ఎదురొచ్చాడు. ఆపడానికే వచ్చాడు. ఆపలేకపోయాడు. హుషారు పాట కింద యూఫోనియం మూలుగుతుంటే పేటిక పక్కనే తల వంచుకుని నడిచాడు. అదే వీధి, అదే మలుపు. దొడ్డి గేటు దగ్గర ఐదోది మొదలైంది. వాయించేవాళ్ళు ఒక్కొక్కరే ఆపి లోపలికి నడిచి వెళ్ళారు. ఆఖరుకు అహరోను ఒక్కడే మిగిలి, సగంలో ఆపేశాడు. మా నాయన అప్పటికే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. చివర ఆయన వినలేదు.

అయినా అహరోను ముఖంలో నేను ఆ రోజు చూసిన నెమ్మది అంతకు ముందు చూడలేదు. అక్కనూ నాయననూ ఒకేసారి సాగనంపినవాడిలా ఉన్నాడు. నాకూ గర్వంగానే ఉంది, దాచుకోను.

అనుకున్నట్టే అయింది. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ పాట పేరెత్తితే జనం చెవులు మూసుకున్నారు. మా నాయన బాకాలు అమ్ముకున్నాడు, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. సత్తయ్య కోర్టు దగ్గర రిక్షా తొక్కాడు. ఎదురుపడితే సత్తయ్య నవ్వేవాడు, నేనే తల దించుకునేదాన్ని. మేము పటాన్‌చెరు వెళ్ళాం. అక్కడ కొత్తగా కార్ఖానాలు లేస్తున్నాయి. అహరోను ఒక మందుల కార్ఖానాలో డ్రమ్ములు దొర్లించే పనికి కుదిరాడు. ఈ డ్రమ్ముల్లో ఆమ్లాలు ఉండేవి. క్లారినెట్ ముట్టుకోలేదు, గీతలు గీయలేదు. అడిగితే, "కట్టాల్సింది కట్టిన. పాతిపెట్టాల్సింది పాతిపెట్టిన," అనేవాడు. వేళ్ళ చివర్లు పసుపుపచ్చగా పొలుసులు లేచేవి. అయినా బ్యాండు పోతే పోయిందిలే, అక్క పాటకు ఎవరూ బత్తీలతో ఆడటం లేదని తృప్తిగా పడుకునేవాడు. ఆ తృప్తి కోసం నేను ఆయన ఒంటి మీది ఏ ఆమ్లం వాసననైనా పీల్చేదాన్ని.

1977 మాఘమాసం. అహరోను డ్యూటీ దిగి వచ్చి వాకిట్లో చేతులు కడుక్కుంటున్నాడు. చీకటి పడుతోంది. వీధి చివర బ్యాండు మోగింది. కార్ఖానాలకు కూలీలను తెచ్చే గుత్తేదారు ఒకడి కొడుకు పెళ్ళి. ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. బ్యాండు హైదరాబాదుది. వాళ్ళు వాయిస్తున్నది మూడో ఆట. ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి పోయిందో, రెండింతలు జోరు చేసి వాయిస్తున్నారు. ట్రంపెట్ పట్టుకోవాల్సిన స్వరాన్ని ఇష్టం వచ్చినట్టు ఊపుతున్నారు.

అహరోను తడి చేతులతోనే ఎదురు వెళ్ళాడు. బ్యాండు మాస్టరును పట్టుకుని, "అన్నా, గీ పాట ఆపు. పీనుగు ముందర వాయించిన పాట," అన్నాడు.

"ఎవల పీనుగు?"

"మా నాయినది. సంగారెడ్డిల."

మాస్టరు నవ్వాడు. "సంగారెడ్డిల మీ నాయిన పోతె పటాన్‌చెరుల పెండ్లి ఆపాల్నా? గీళ్ళకు గవన్ని తెల్వది. నాకు తెల్వది. ఇది బొంబాయి పాట. పక్కకు జరుగు."

మా కట్టుబాటు మా తాలూకా దాటదని మాకెవరు చెప్పారు? మేము దాన్ని లోకమంతా పాటిస్తుందనుకున్నాం. అంత తెలివిగలవాళ్ళం. మా చేతులతో మేము చంపింది సంగారెడ్డిలో పదిమంది తిండినే, పాటను కాదు.

బత్తీల వరసలో ముందున్న అమ్మాయికి పదహారు, పదిహేడేళ్ళు ఉంటాయి. పక్క ఊళ్ళ పిల్లే. ఆడుతోంది. మెడ పైన ఏమీ కదలడం లేదు. అహరోను ఆమె పక్కకు చేరాడు.

"బిడ్డా, ఆడకు. ఉత్తగ నడువు."

"నేను ఆడుతలేనన్నా," అంది ఆ పిల్ల, చూపు తిప్పకుండానే. "ఈ పాటొస్తె కాళ్ళే ఆగయి. నువ్వు జరుగు, బత్తి పడ్తది."

ఆయన జరగలేదు. రెండు చేతులూ పైకెత్తాడు. బత్తికి అటొకటి ఇటొకటి, తగలకుండా, పడితే పట్టుకునేటట్టు పెట్టి ఆమెతో పాటు వెనక్కి వెనక్కి నడవసాగాడు. ఆమె కుడికి పోతే కుడికి, ఎడమకు పోతే ఎడమకు. "అహరోను, రా ఇంట్లకు," అని నేను పిలుస్తూనే ఉన్నాను. వినలేదు. బత్తి వెలుగులో ఆయన పసుపు వేళ్ళూ, చెమటా అన్నీ కనబడుతున్నాయి.

పెళ్ళికొడుకు మామ ఎవరో, బాగా తాగి ఉన్నాడు, ఆయన్ని చూసి గుంపును నెట్టుకుంటూ వచ్చాడు. "వాహ్, క్యా నాచ్తా హై," అని ఆయన ఆటను మెచ్చుకుంటూ నోటు తీసి అహరోను తల చుట్టూ తిప్పి బ్యాండు మాస్టరు చేతిలో పెట్టాడు. ఆడేవాడి తల చుట్టూ నోటు తిప్పితే మేళం వాడి కోసం జోరు పెంచాలి. మాస్టరు పెంచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగి అహరోనుకు చోటిచ్చారు, ఆయన వంకే చూస్తూ తాళం వేశారు. పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, నా మొగుడి కోసమని జనం చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే.